వాష్ బేసిన్ కింద చుక్క పడకుండా

ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఇండ్ల వసారాల్లో వాష్ బేసిన్ ఉంటున్నది. కొన్నాళ్ళకే దాని కింద గిన్నె కూడా చేరుతున్నది! తడి గచ్చుమీద కాలు జారేది ఎక్కువగా పెద్దవారికే. కనుక మీరే బిగించుకున్నా, మేస్త్రీచేత చేయించినా, దగ్గరుండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

కారే చోటు ఒకటి, చుక్క పడే చోటు మరొకటి. చుక్క బాటిల్ ట్రాప్ అడుగున కనబడుతుంది గనుక అందరూ దాన్నే బిగిస్తారు. నీరు మాత్రం పైనున్న వేస్ట్ కప్లింగ్ మరల వెంట దిగుతూ ఉండవచ్చు. అంతా పొడిగుడ్డతో తుడిచి, పైనుంచి ఒక్కొక్క అతుకుకు న్యూస్‌పేపరు ముక్క ఆనించి చూడండి. అన్నిటికంటె పైన తడిసినదెక్కడో అక్కడే లోపం.

కప్లింగ్ కొనేముందు బేసిన్ లోపలి గోడ చూడండి. పైభాగాన చిన్న రంధ్రం, అనగా ఓవర్‌ఫ్లో, ఉంటే పక్కన చీలికలున్న హాఫ్ థ్రెడ్ కప్లింగ్ కావాలి. లేకపోతే ఫుల్ థ్రెడ్. దుకాణంలో "ఏదైనా ఒకటేనండి" అంటే ఒప్పుకోవద్దు. సైజు సాధారణంగా 32 మి.మీ.

చాలామంది మేస్త్రీలు కప్లింగ్ చుట్టూ తెల్ల సిమెంటు పెడతారు. అది గట్టిపడి, కదిలినప్పుడు బీటలిస్తుంది. తరువాత విప్పబోతే బేసినే పగలవచ్చు. సిలికోన్ సీలెంటు మేలు. రంధ్రం అంచును శుభ్రంగా తుడిచి, బాగా ఆరనిచ్చి, కప్లింగ్ తల కింద జంతిక తీగంత లావున సీలెంటు చుట్టి కూర్చోబెట్టండి. కిందనుంచి రబ్బరు వాషరు, సన్నని వైపు పైకి ఉండేలా ఎక్కించాలి. వాషరు కూర్చునే చోట మరలకు, నట్టు తిరిగే దిశలోనే, టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టండి. చీలికలు మాత్రం మూయకూడదు.

ఇక బిగింపు. పైన కప్లింగ్ తిరగకుండా పట్టుకోవడానికి ఒకరుండాలి (పిల్లలకు అప్పగించదగిన పని కాదు). లోపలి అడ్డకమ్మీలలో ప్లయరు పిడులు దూర్చి పట్టుకుంటే సరిపోతుంది. కింద నట్టును చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. పింగాణి ఇనుము వలె ఓర్చుకోదు, బలం చూపితే చీలుతుంది.

ఒక రోజు ఆరనివ్వండి. తరువాత బిరడా పెట్టి, ఓవర్‌ఫ్లో గుండా నీరు పోయేంతవరకు కుళాయి వదలండి. కింది రబ్బరుకు అప్పుడే అసలు పరీక్ష. పది నిమిషాలాగి బిరడా ఒక్కసారిగా తీస్తే ట్రాప్ సంగతి తెలుస్తుంది. ట్రాప్ గిన్నెను చేత్తోనే బిగించండి; వెంట్రుకలు తీయడానికి మళ్ళీ విప్పవలసినదే. అప్పుడు కింద బకెట్టు పెట్టడం మరువకండి.