విత్తు ఒకటైతే చెట్టు ఒకటవుతుందా?

మా పక్కయింటి మామ్మగారికి ఆరేళ్ళ క్రితం రొమ్ములో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీసివేశారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఈ వేసవిలో ఆవిడకు నడుంనొప్పి పట్టుకున్నది. వయసు మీదపడ్డాక నడుంనొప్పి వింతేమిటని తైలం రాసుకుంటూ, కాపడం పెట్టుకుంటూ రెండు నెలలపాటు కొడుకుతో చెప్పకుండా దాచారు. చివరకు రాత్రిళ్ళు నిద్ర కరువై ఆస్పత్రికి వెళితే వెన్నెముకలో కాన్సరు వున్నదన్నారు.

కొడుకు మా యింటికి వచ్చి, "రొమ్ము జబ్బు అప్పుడే పోయింది గదండీ! ఈ ఎముకల కాన్సరు కొత్తగా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు. వెనకాలే వచ్చిన మేనత్తగారు, "ఎక్కణ్ణుంచేమిట్రా? ఆనాడు కత్తి తగిలింది గనకనే పాకింది" అని తేల్చేశారు.

ఈ రెండు మాటలూ మన ఇళ్ళలో తరచు వినబడేవే. అందుకని కాస్త వివరంగా చెప్పుకుందాం.

మామ్మగారి వెన్నెముకలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించారు. అందులో కనిపించినవి రొమ్ము కాన్సరు కణాలే. అంటే ఇది కొత్త జబ్బు కాదు. పాత జబ్బే ఇల్లు మారింది. గడ్డలోనుంచి కొన్ని కణాలు విడివడి, రక్తనాళాల్లోకీ లింఫు నాళాల్లోకీ దూరి, ప్రయాణం కడతాయి. అయితే రక్తం పోనిచోటు శరీరంలో దాదాపు లేదు గదా, ఈ కణాలు అన్నిచోట్లా ఎందుకు మొలకెత్తవు?

ఈ ప్రశ్న వేసుకున్నవాడు లండన్‌లోని స్టీఫెన్ పాజెట్ అనే శస్త్రవైద్యుడు. రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది వివరాలు ఆయన పరిశీలించి, 1889లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. 241 మందిలో జబ్బు కాలేయానికి పాకింది. ప్లీహానికి పాకింది 17 మందిలోనే. రక్తం రెంటికీ అందుతూనే వున్నది. కాబట్టి విత్తనాలు గాలికి నలుమూలలా ఎగిరినా తగిన నేలలోనే మొలుస్తాయని ఆయన సిద్ధాంతం చేశాడు.

తర్వాతివాళ్ళు కొందరు, అదేమీ కాదు, రక్తం పారే దారినిబట్టే జబ్బు పాకుతుందన్నారు. అందులోనూ కొంత నిజం వున్నది. పెద్దపేగునుంచి వచ్చే రక్తం చాలావరకు ముందు కాలేయంలోకే చేరుతుంది. పెద్దపేగు కాన్సరు ఎక్కువగా కాలేయానికి పాకడానికి అదొక కారణం.

కాని దారి ఒక్కటే చాలదని ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకలమీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రక్తంలోకి ఎక్కించిన కాన్సరు కణాల్లో మర్నాటికి నూటికి ఒకటి కూడా బతికిలేదు. 1980లో ఆయనా, హార్ట్ అనే మరొకాయనా కలిసి, ఎలుకల తొడకండరంలో ఊపిరితిత్తి ముక్క, అండకోశం ముక్క, మూత్రపిండం ముక్క అతికి, చర్మానికి వచ్చే ఒకరకం కాన్సరు కణాలను రక్తంలోకి పంపారు. మొదటి రెంటిలో గడ్డలు లేచాయి. మూత్రపిండం ముక్కలో మాత్రం లేవలేదు. చోటు ఒకటే, రక్తం ఒకటే, తేడా అంతా నేలలోనే!

రొమ్ము కాన్సరు కణానికి ఎముక అటువంటి అచ్చివచ్చిన నేల. ఎముకను కరిగించే కణాలు మన శరీరంలో ఎప్పుడూ వుంటాయి. కాన్సరు కణం వాటిని రెచ్చగొడుతుంది. ఎముక కరిగేకొద్దీ అందులో నిలవవున్న పోషక పదార్థాలు బయటపడి మళ్ళీ కాన్సరుకే ఎరువవుతాయి.

ఇక మేనత్తగారి మాట. కత్తి రాకముందే కొన్ని కణాలు గడప దాటి వుండవచ్చు. అవి ఎముక మూలుగలో ఏళ్ళ తరబడి అణగివుండి, తర్వాత విజృంభించడం ఈ జబ్బులో తెలిసిన సంగతే. కత్తికీ సూదికీ భయపడి పరీక్ష మానుకుంటే కలిగే నష్టమే ఎక్కువ.

విత్తు ఒకటైతే చెట్టు ఒకటవుతుందా? మొలిచింది ఎముకలోనైనా విత్తు రొమ్ముది గనక మందూ దానికి తగినదే ఇస్తారు. మామ్మగారిది హార్మోనుమీద బతికేరకం, అందుకు మాత్రలిచ్చారు. నేలను గట్టిపరచడానికి, అంటే ఎముక కరగకుండా, ఇంజక్షన్లు ఇస్తున్నారు. జబ్బు సమూలంగా పోతుందని డాక్టరు చెప్పలేదు, అదుపులో పెట్టవచ్చునన్నారు. నొప్పి తగ్గి, ఇప్పుడావిడ మళ్ళీ అరుగుమీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు.

ఒకప్పుడు ఈ జబ్బుకు వైద్యం చేయించుకున్నవారు పాత కాగితాలు పారేయకండి. ఎముకల్లో నొప్పి తగ్గకుండా వేధిస్తుంటే, ఎన్నేళ్ళు గడిచినా సరే, వెంటనే డాక్టరుకు చూపించి పాత సంగతి చెప్పండి. ప్రతి నడుంనొప్పీ కాన్సరు కాదు. అయినా పిల్లలు కంగారుపడతారని దాచుకోవడం మాత్రం వాళ్ళకు చేసే మేలు కాదు. రెండు నెలల ముందే చెప్పివుంటే అన్ని రాత్రులు ఆ బాధ పడవలసిన అవసరం మామ్మగారికి వుండేది కాదు.