బోదకాలు మాత్ర: పొరుగువారి హక్కు

గొల్లపల్లి వంటి మన జగిత్యాల ప్రాంత గ్రామాలలో బోదకాలు మాత్రలు పంచినప్పుడు “మాకు జబ్బు లేదు కదా” అని పక్కన పెట్టేవారిని మనం ఎరుగుదుము. ఫైలేరియా క్రిమి శరీర రక్షణశక్తిని ఏమార్చి శోషరస నాళాలలో ఏళ్లతరబడి జీవిస్తుంది. వాపు లేనివారి రక్తంలోనూ దాని సంతతి రాత్రివేళ సంచరిస్తుంది. క్యూలెక్స్ దోమ దానిని పొరుగింటికి చేరుస్తుంది.

డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి రావచ్చు. చనిపోతున్న క్రిములపై రక్షణశక్తి విజృంభించడమే అందుకు కారణం. సాధారణంగా అది కొద్ది రోజులలో తగ్గిపోతుంది. 2 ఏళ్లలోపు పిల్లలు, గర్భవతులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు తప్ప తక్కినవారు మింగవలెను.

మాత్రతో పాత వాపు పోదు. వుజూలో వేళ్ల సందులు తడిపే మనం, వాచిన పాదాన్ని రోజూ సబ్బుతో కడిగి, ఆ సందులను పొడిగా తుడవడమూ అలవరచుకుందాం. పుండు పడకుండా చూసుకుంటే వాపు పెరిగే అవకాశం తగ్గుతుంది.