కళ్లు మూసుకునే ముందు

"సార్, ధ్యానం చేస్తే లెక్కల్లో మార్కులు ఎక్కువొస్తాయా?"

మా గుత్తిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు నన్నడిగిన ప్రశ్న ఇది. అతని చేతిలో ఒక కరపత్రం ఉంది. శని, ఆదివారాల్లో బౌద్ధ పద్ధతిలో ధ్యానం నేర్పుతారట. నిత్యజీవితంలో అది ఎంతో ఉపయోగపడుతుందట. జ్ఞాపకశక్తి రెట్టింపవుతుందట! ఈ మూడో 'ట' దగ్గర నాకు అనుమానం వచ్చింది. రెట్టింపు అన్నారంటే ఎవరో కొలిచి ఉండాలి గదా. ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు?

అయితే చూడకుండా కొట్టిపారేయడం కూడా సైన్సు కాదు. అందుకని ఆ రెండు రోజులూ నేనే వెళ్లి కూర్చున్నాను. మా ఉపాధ్యాయుల గదిలో నవ్వారనుకోండి, అది వేరే సంగతి.

నేర్పింది చాలా చిన్న పని. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. ముక్కు పుటాల దగ్గర గాలి లోపలికి పోవడం, బయటికి రావడం గమనించాలి. ఊపిరిని మనం మార్చకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి. మనసు ఎటైనా పోతే కోపగించుకోకుండా వెనక్కు తేవాలి. వినడానికి సులువుగా ఉందా? మొదటి అరగంటలో నేను వరసగా పది ఊపిరులు కూడా లెక్కపెట్టలేకపోయాను. కాలిపోయిన బోరు మోటారు, దిద్దవలసిన పేపర్లు, మోకాళ్ల నొప్పి, పొద్దున తిన్న ఉగ్గాని... అన్నీ వరసగా వచ్చిపోయాయి. మమ్మల్ని మౌనంగా ఉండమన్నారు గాని, గుంతకల్లు బస్సుల హారన్లకు ఆ నియమం లేదు! రెండో రోజు సాయంత్రానికి కొంత నెమ్మది కుదిరింది. నా మనసు ఎంత తిరుగుతుందో నాకు తెలిసింది. యాభై దాటాక తెలిసిన ఈ సంగతి నాకు విలువైనదే.

పాళీ భాషలో దీన్ని ఆనాపానసతి అంటారు. అంటే ఊపిరి రాకపోకలను ఎరుకతో గమనించడం. బర్మాలో వ్యాపారం చేసే ఎస్.ఎన్. గోయెంకా తీవ్రమైన తలనొప్పులతో బాధపడుతూ 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర ఈ సాధన మొదలుపెట్టారు. 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం ప్రారంభించారు. 1976లో హైదరాబాదులో ఒక కేంద్రం వెలసింది. ఆ పద్ధతిలో తొలి శిక్షణే పది రోజులు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో నొప్పులతో బాధపడే రోగుల కోసం మొదలుపెట్టిన శిక్షణ ఎనిమిది వారాలు. మరి రెండు రోజుల్లో రెట్టింపు ఎలా సాధ్యం?

పరిశోధనలు ఏమన్నాయో చూద్దాం. పెద్దవాళ్ల మీద జరిగిన 47 ప్రయోగాలను 2014లో కలిపి పరిశీలించారు. ఆందోళన, దిగులు, నొప్పి కొంతవరకు తగ్గుతాయని తేలింది. శ్రద్ధ, నిద్ర మెరుగవుతాయనడానికి మాత్రం తగిన ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లో మీ ఈడు పిల్లల మీదే పెద్ద ప్రయోగం చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. అందులో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేలకు పైగా పాల్గొన్నారు. కొన్ని బడుల్లో ధ్యానపాఠాలు చెప్పారు, కొన్నింటిలో మామూలు పాఠాలే సాగాయి. ఏడాది తర్వాత చూస్తే పిల్లల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంటి దగ్గర సాధన చేసినవాళ్లు చాలా తక్కువమంది. బలవంతంగా మింగించిన మందు ఎవరు కొనసాగిస్తారు?

కాబట్టి ఇష్టమైనవాళ్లు నేర్చుకోవచ్చు, బడిలో అందరినీ కూర్చోబెట్టి కళ్లు మూయించకూడదు అని నా అభిప్రాయం. కళ్లు మూసుకున్నప్పుడు కొందరికి భయమో, దుఃఖమో ముంచుకొస్తుంది. అలా అయితే వెంటనే లేచి రండి. నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకప్పుడు నా తరగతిలో ఒక పిల్లవాడు రోజూ కునికేవాడు. "నీకు ఏకాగ్రత లేదురా" అని నలుగురిలో అన్నాను. ఆ ఏడు వాన రాలేదు, చెనక్కాయ పంట పోయింది, తల్లీతండ్రీ బెంగుళూరుకు కూలికి పోయారు. వాడు అవ్వ దగ్గర ఉండి, తెల్లవారుజామున కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి, తినీ తినక బడికి వచ్చేవాడు. ఆ వయసుకు రోజుకు ఎనిమిది గంటలైనా నిద్ర కావాలి. వాడికి కావలసింది నిద్ర, కడుపునిండా తిండి. శిబిరంలో కూర్చున్నప్పుడు ఊపిరికంటే ఎక్కువగా వాడే నాకు గుర్తుకొచ్చాడు.

ఆదివారం ముగింపులో ఒకాయన, బుద్ధుడి మాట మన ప్రాంతానికి ఇప్పుడే వస్తోందన్నట్టు మాట్లాడారు. నాకు నవ్వొచ్చింది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో అవి ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడ్డాయి. బండల మీద బ్రాహ్మీ లిపి. కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి! అక్కడ చెక్కిన వాటిలో ఒక శాసనం మనుషులకూ, పశువులకూ వైద్యం చేయించడం గురించి, బాటల పక్కన బావులు తవ్వించి చెట్లు నాటించడం గురించి చెబుతుంది. బౌద్ధం నిత్యజీవితంలోకి రావడమంటే ఇది కూడా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మన సీమలో ఈ సంగతి ముందు చెప్పవలసింది.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. "మనమే కొలుద్దాం రా" అన్నాను. తరగతిని రెండు గుంపులు చేశాను. ముందు అందరూ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్ని సార్లు కొట్టుకుంటుందో రాసుకున్నారు. తర్వాత పది నిమిషాలు ఒక గుంపు ఊపిరి గమనించింది, రెండో గుంపు కథల పుస్తకం చదివింది. మళ్లీ లెక్కపెట్టారు. మీరూ చేయవచ్చు. నాడి మీద వేలుంచి జాగ్రత్తగా గమనిస్తే, ఊపిరి పీల్చేటప్పుడు కొంచెం వేగంగానూ, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగానూ కొట్టుకోవడం తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం చేసే పని అది.

ధ్యానం చేసిన గుంపులో చాలామందికి నాడి నెమ్మదించింది. కథ చదివినవాళ్లకూ నెమ్మదించింది.

"ఊరికే కూర్చున్నా తగ్గుతుందేమో సార్?" అన్నాడు వాడు. వచ్చే శనివారం మూడో గుంపును కూడా కూర్చోబెడుతున్నాం.