కల్లంలో పుట్టిన పాట

పోయిన యాసంగిలో ఒక కొనుగోలు కేంద్రం దగ్గర మన సంఘం ధర్నాకు కూర్చున్నది. ధాన్యం పోసి 12 రోజులైనా కాటా కాలేదు. పొద్దున ఆరబోయడం, మబ్బు పడితే టార్పాలిన్ కప్పడం, తేమ 17 శాతం దాటిందంటే మళ్లీ ఆరబోయడం. ఉపన్యాసాలు అయిపోయాయి, జనం అలసిపోయారు. అప్పుడు వడ్ల కుప్ప పక్కన కూర్చున్న ఒక కౌలు రైతు, యాభై దాటిన ఆడమనిషి, నాటు పాట రాగంలో ఎత్తుకున్నది. వానకాలమంతా మబ్బులో కానరాని తేమ మా వడ్లలో ఎట్లా దొరికిందని మిషన్‌ను నిలదీసింది. తరుగు తీసే కాటాను, దూడ నోరు పెట్టకముందే పాలు పిండుకునే చేతితో పోల్చింది. రెండో చరణానికి హమాలీలు కూడా గొంతు కలిపారు. మా ఉపన్యాసాలు చేయలేని పని ఆ పాట పది నిమిషాల్లో చేసింది.

ఎవరు రాశారమ్మా అని అడిగితే, "రాసుడేంది సారూ, కుప్పకాడ కావలుంటే నిద్ర రాక కట్టిన" అన్నది. ఆమె పాట కడుతుందని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా ఆమెకూ తెలియదు.

ఇది వింత కాదు. తెలంగాణ రైతాంగ పోరాటంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి పల్లె కళారూపాలనే ఆయుధం చేసుకున్నారు. బడి ముఖం చూడని పశుల కాపరి అందెశ్రీ రాసిన పాట 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర గీతమైంది. మహారాష్ట్రలో వార్లీ ఆదివాసులు మట్టి గోడల మీద బియ్యప్పిండితో నాట్లు, కోతలు, పశువులు గీస్తారు. ఆ బొమ్మలను ప్రపంచానికి చూపిన జివ్యా సోమా మాషేకు 2011లో పద్మశ్రీ వచ్చింది.

అయితే కష్టముంటేనే కళ పుడుతుందనే మాటను మనం ఒప్పుకోకూడదు. ఆమెకు కావలసింది ముందు కాటా, తర్వాత చప్పట్లు. నిద్ర పట్టని రాత్రులు పాటనిచ్చాయని ఆ రాత్రులను మెచ్చుకోలేం.

ఇంకో సంగతి ఆలోచించాలి. నాటు యంత్రాలు, వెదజల్లే సాగు, గడ్డి మందులు వచ్చాక ఆడవాళ్ల నడుములకు కొంత విశ్రాంతి దొరికింది, మంచిదే. కానీ వరుసగా వంగి నాటేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఒకరి నుంచి ఒకరికి అందిన పాటలు ఇప్పుడు అందడం లేదు. ఎండిన చెరువును మళ్లీ నింపవచ్చు, మరచిన పాటను ఎవరు తెచ్చిస్తారు?

ఆ పాటను ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఊరూరా తిరిగింది, పాడిన మనిషి పేరు మాత్రం లేదు. ఆమె పండించిన ధాన్యం కూడా పట్టాదారు పేరు మీదే కాటా అయింది. కౌలుదారును గుర్తించాలని 2011లోనే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చినా, ఆమె చేతిలో కార్డు లేదు. పంటకు పేరు లేదు, పాటకూ పేరు లేదు. మొదటిదాని కోసం ప్రభుత్వంతో కొట్లాడుతున్నాం. రెండోది మన చేతిలోనే ఉన్నది, అందులో తప్పు కూడా మనదే. బయటి కళాకారులకు బండి కిరాయి, పారితోషికం ఇచ్చి పిలిపించే మనం, మన సభలో చాప మీద కూర్చున్న గొంతును ఎన్నడూ అడగలేదు.

అందుకే గ్రామ కమిటీలకు మా విన్నపం. మీ ఊళ్లో పాట కట్టేవాళ్లు, బొమ్మ గీసేవాళ్లు, కథ చెప్పేవాళ్లు ఎవరో కనుక్కోండి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటే రికార్డు చేయండి. పేరు, ఊరు తప్పక రాయండి. సభకు పిలిస్తే ఆ రోజు కూలి ఇవ్వండి. వచ్చే నెల నుంచి ఈ పత్రికలో ఒక పేజీ వాళ్లకే కేటాయిస్తున్నాం.

కౌలు కార్డుల దరఖాస్తులు పట్టుకుని ఇంటింటికీ ఎలాగూ తిరుగుతాం. సంతకం తీసుకున్నాక ఒక్క నిమిషం ఆగి, "అమ్మా, నీకు పాట వచ్చా?" అని కూడా అడుగుదాం.