పాటల పెట్టె మూగబోతే పూచీ ఎవరిది?

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ, కావలి బజారులో గానీ ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే దుకాణం ముందు నిలబడితే రకరకాల పాటల పెట్టెలు వరుసగా పేర్చి కనిపిస్తాయి. అరచేతిలో ఇమిడేవి, భుజాన తగిలించుకునేవి, పాత రేడియో వాలకంలో మీటలు పెట్టి చేసినవి, ఎవరి స్తోమతకు తగ్గది వారికి దొరుకుతుంది. సెల్‌ఫోనులో కావలసినన్ని పాటలు వస్తున్నా వీటిని కొనేవారికి కారణం లేకపోలేదు. చూపు మందగించిన పెద్దవారు ఫోను తెర మీద వేలితో వెతుక్కోలేరు. మీట నొక్కగానే ఘంటసాల గొంతు వినబడాలి వారికి. రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవారు ఫోనులోని చార్జింగును పాటలకు ఖర్చు చేసుకోలేరు. 2017లో సరిగమ కంపెనీ 5,000 పాత పాటలు నింపిన ‘కారవాన్’ పెట్టెను విడుదల చేసింది. ఇప్పుడు పేరున్న కంపెనీల సరుకూ, ఏ ఊరిదో తెలియని సరుకూ ఒకే అరలో పక్కపక్కన ఉంటున్నాయి.

చిక్కు కొన్న రోజున రాదు. ఆరేడు నెలలు గడిచాక వస్తుంది. మొదట్లో పూటంతా పాడిన పెట్టె గంటకు దిగుతుంది, తర్వాత పావుగంటకు దిగుతుంది. చివరకు కరెంటు తీగ తగిలించి ఉంచితే తప్ప పలకదు. దాన్ని పట్టుకుని దుకాణానికి పోతే జరిగే సంభాషణ జిల్లాలో ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకటే.

“ఏమబ్బయా, ఏడాది గ్యారంటీ అని చెప్పి ఇస్తివే.”

“మిషనుకు ఏడాది పెద్దాయనా, బ్యాటరీకి ఆరు నెల్లే. కార్డులో రాసుంది, చూసుకోండి.”

“ఆ కార్డు ఆరోజు నాకు చదివి చెప్పలేదే?”

“కంపెనీ వాళ్ళని అడగండి. మా చేతిలో ఏముంది?”

మిషనుకు ఏడాది, బ్యాటరీకి ఆరు నెలలు. అసలు కిటుకంతా ఈ మాటలోనే ఉన్నది. పాటల పెట్టెలో మిగతా భాగాలు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. అన్నిటికంటే ముందు పోయేది బ్యాటరీ. పోని భాగాలకు ఏడాది పూచీ ఇచ్చి, పోయే భాగానికి సగంలోనే చేతులు దులుపుకుంటే దానిని పూచీ అనడం ఎలా? సంతలో ఎద్దును అమ్మేవాడు, ఎద్దుకు నాది పూచీ గాని దాని కాళ్ళకు కాదు అంటే ఏ రైతూ పగ్గం పట్టుకోడు. అదే రైతు దుకాణంలో మాత్రం ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలతో అచ్చువేసిన కార్డును మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

కంపెనీల వాదనలో నిజం బొత్తిగా లేదని కాదు. ఈ పెట్టెల్లో ఉండే లిథియం బ్యాటరీ వాడితే అరుగుతుంది, వాడకపోయినా కొంత అరుగుతుంది. సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా చార్జి చేసేసరికి దాని శక్తి కొత్తలో ఉన్నదానిలో సుమారు 80 శాతానికి వస్తుంది. ఇది సహజం. దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కర లేదు. అయితే లెక్క వేసి చూడాలి. రోజూ ఒకసారి నిండా చార్జి పెట్టినా ఆరు నెలలకు అయ్యేది 180 సార్లే. అప్పటికే పాడే సమయం నాలుగో వంతుకు పడిపోతే దానిని అరుగుదల అనరు, లోపం అంటారు. అరుగుదలకూ లోపానికీ మధ్య ఉన్న ఈ గీతను చెరిపివేసి అంతా ఒకే గాటన కట్టడం వల్లనే వినియోగదారుడు నోరు మూసుకుని వెనక్కి రావలసి వస్తున్నది.

లోపం అనేది ఎప్పుడూ ఫ్యాక్టరీలోనే పుట్టాలని లేదు. గోడౌనులో ఏడాదిన్నర పడి ఉన్న పెట్టెలో బ్యాటరీ పూర్తిగా అడుగంటితే అది మళ్ళీ మునుపటిలా కోలుకోవడం కష్టం. పొట్లం కట్టిన సరుకు మీద తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోను నంబరు ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ధర చూసినవారు ఆ పక్కనే ఉన్న నెల చూడరు. పండుగ తగ్గింపు అమ్మకాలలో ముందుగా బయటికి వచ్చేది పాత సరుకే అన్న సంగతి వర్తకం తెలిసిన వారికి కొత్త కాదు.

బ్యాటరీ మీద గానీ పెట్టె అడుగున గానీ భారత ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉన్నదీ లేనిదీ కూడా చూడవలసిందే. ఇటువంటి బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు తప్పనిసరి. ఆ నంబరు నిజమైనదో కాదో సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వెంట తీసుకుపోవడం మంచిది. ఇక మన ఎండల సంగతి సరేసరి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద, కారు అద్దం ముందు పెట్టెను వదిలేసి తర్వాత కంపెనీని తిడితే లాభం లేదు. వాడకుండా బీరువాలో దాచేటప్పుడు సగం చార్జింగుతో దాచాలి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే చార్జింగు ఆపాలి. పొడవడం, నొక్కడం ప్రమాదకరం.

సెల్లుల కాలంలో ఈ గొడవ లేదు

ట్రాన్సిస్టరు రోజుల్లో ఈ తగాదాయే లేదు. సెల్లు అయిపోతే వీధి చివరి కొట్టులో కొత్తది దొరికేది. నిప్పో సెల్లుల ఫ్యాక్టరీ ఉమ్మడి నెల్లూరు జిల్లా తడలోనే వెలసింది. అయిపోయిన సెల్లులను ఎండలో పెట్టి మరో రెండు పాటలు పాడించుకున్న ఇళ్ళు జిల్లాలో ఎన్నో. 1979 జూలైలో జపానులో సోనీ వారి మొదటి వాక్‌మన్ వచ్చినప్పుడు అది కూడా రెండు పెన్సిలు సెల్లులతోనే పాడింది. పాడే యంత్రం వేరు, దానికి మేత వేరు. మేత ఎక్కడైనా కొనుక్కునే స్వేచ్ఛ మనిషి చేతిలో ఉండేది.

ఆ స్వేచ్ఛ పోయిన ముచ్చటకు అమెరికాలో ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఐపాడ్‌ను విడుదల చేసింది. బ్యాటరీని లోపల బిగించి మూత వేశారు. 2003లో న్యూయార్కుకు చెందిన నైస్టాట్ సోదరులు, ఏడాదిన్నరకే తమ ఐపాడ్ బ్యాటరీ పోతే కొత్త ఐపాడ్ కొనుక్కోమన్నారని ఒక చిన్న సినిమా తీసి ఊరంతా చూపారు. అదే ఏడాది నవంబరులో 99 డాలర్లకు బ్యాటరీ మార్చి ఇచ్చే పద్ధతి అక్కడ అమలులోకి వచ్చింది. సినిమాకు ముందే అది తమ ఆలోచనలో ఉన్నదని కంపెనీ చెప్పుకున్నది. కొన్నవారు మూకుమ్మడిగా కోర్టుకు పోగా 2005లో రాజీ కుదిరి, తొలి మూడు తరాల ఐపాడ్లు కొన్న అర్హులకు 50 డాలర్ల కూపను వంటి పరిహారాలు దక్కాయి. 2011 నవంబరులో మొదటి తరం ఐపాడ్ నానోలు, బ్యాటరీ వేడెక్కే లోపం కారణంగా, కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా మార్చి ఇచ్చింది. అవి అయిదారేళ్ళ కిందట అమ్మినవి. ఏడాది పూచీ ఎప్పుడో తీరిపోయింది. అయినా లోపం లోపమే అయింది. 2022 మేలో ఐపాడ్ అమ్మకమే ముగిసినట్టు కంపెనీ ప్రకటించింది గాని, అది మొదలుపెట్టిన మూత బిగింపు మాత్రం వెయ్యి రూపాయల పెట్టె దాకా పాకింది.

ఐరోపా దేశాల కూటమి 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, చేతిలో పట్టుకుపోయే పరికరాల్లో బ్యాటరీని కొన్నవారే విప్పి మార్చుకునేలా తయారు చేయాలన్న నియమానికి 2027 ఫిబ్రవరి 18 గడువు. కొన్ని మినహాయింపులున్నా దారి అది. ఇక్కడ అటువంటి నియమం రావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చట్టం ఉన్నది, నడిచేదెట్లా?

ఈలోగా ఉన్న చట్టాన్నయినా వాడుకోవాలి. 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడాన్ని అక్రమ వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. బిల్లులో గడువు రాస్తే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అక్రమ పద్ధతే. “ఒకసారి అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు” అని గోడకు తగిలించిన బోర్డు లోపమున్న సరుకు విషయంలో ఈ చట్టం ముందు నిలవదు. ఆన్‌లైనులో కొన్న సరుకుకూ ఇదే న్యాయం. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలిపి, నెలలోపు పరిష్కరించాలని 2020 నిబంధనలు అమ్మకపు సంస్థల మీద బాధ్యత పెట్టాయి.

దుకాణదారు “కంపెనీని అడగండి” అనడానికి లేదు. డబ్బు తీసుకున్నది ఆయన. కార్డు మీద ముద్ర ఆయనది. అయితే చిన్న వర్తకుడి కష్టమూ ఒకటున్నది. ఒక పెట్టె మీద ఆయనకు మిగిలేది కొద్ది. దానిని చెన్నైకో విజయవాడకో పంపి తెప్పించే ఖర్చులోనే ఆ లాభం పోతుంది. డిస్ట్రిబ్యూటరు పలకడు. అందుకని భారం అంతా ఆయన నెత్తిన వేయడం కంటే, సర్వీసు ఏర్పాటు లేని కంపెనీ సరుకును దుకాణంలో పెట్టబోమని జిల్లా వర్తకులు ఒక్కమాట మీద నిలబడడం ఫలితాన్నిస్తుంది. కంపెనీలకు వినియోగదారుడి ఉత్తరం కంటే వర్తకుడి ఆర్డరు ఆగిపోవడం త్వరగా అర్థమవుతుంది.

ముందుగా 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదును కంపెనీకి చేరవేస్తుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. కొన్నది హైదరాబాదులో అయినా, ఆన్‌లైనులో అయినా తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. వస్తువు ధర రూ.5 లక్షలలోపు ఉంటే రుసుము లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. గడువు రెండేళ్ళు. 2025 జనవరి నుంచి ‘ఈ-జాగృతి’ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ఇంత ఉండి కూడా రూ.2,000 పెట్టె కోసం ఎవరు తిరుగుతారన్నదే అసలు ప్రశ్న. ఉదయగిరి నుంచి నెల్లూరుకు వచ్చి పోవడానికి ఒక పనిదినం పోతుంది. పరీక్ష అవసరం లేని కేసును 3 నెలలలో, ప్రయోగశాల పరీక్ష కావలసిన కేసును 5 నెలలలో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతున్నది. బ్యాటరీ లోపం అనగానే అవతలి పక్షం పరీక్ష మాట ఎత్తుతుంది. పరీక్షకు ఫీజు కట్టమంటే అది పెట్టె ధరకే వస్తుందేమోనని సామాన్యుడు జంకుతాడు. చిన్న ధర వస్తువుల విషయంలో సర్వీసు సెంటరు వారు రాసిచ్చిన చీటీని, వినియోగదారుడు రాసుకున్న లెక్కను ఆధారంగా తీసుకుని తేల్చడం న్యాయంగా ఉంటుంది. అందుకు వినియోగదారుడూ చేయవలసిన పని ఉన్నది. కొన్న మొదటి వారంలోనే నిండా చార్జి పెట్టి, మధ్యస్థమైన శబ్దంతో ఎన్ని గంటలు పాడిందో క్యాలెండరు మీద తేదీతో రాసుకోవాలి. నెలకొకసారి అదే విధంగా రాయాలి. బిల్లు వెలసిపోయే కాగితమైతే ఫోటో తీసి ఉంచాలి. పూచీ గడువు తీరకముందే ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు చీటీ తీసుకోవాలి. నోటిమాటగా “మళ్ళీ వారం రండి” అనిపించుకుని తిరిగినవారికి గడువు దాటిపోవడమే మిగులుతున్నది.

పూచీ ఉండగా వీధి మెకానిక్కు చేత విప్పించడం కొరివితో తల గోక్కోవడమే. పూచీ తీరిన తర్వాత మాత్రం పారేయడానికి తొందరపడనక్కర లేదు. ఇటువంటి పెట్టెల్లో అనేకం 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 కొలత సెల్లుతో నడుస్తాయి. పని తెలిసిన మెకానిక్కు అదే రకం కొత్త సెల్లును రక్షణ సర్క్యూటుతో సహా అమర్చగలడు. పాత సెల్లును చెత్తకుండీలో వేయకూడదు. వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదనే పెట్టాయి. కాబట్టి అమ్మే దుకాణంలోనే ఒక డబ్బా పెట్టించడం కంపెనీలకు పెద్ద పని కాదు.

సంక్రాంతి అమ్మకాలకు ముందు, ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం వస్తుంది. ఆనాడు సభ జరిపి, శాలువాలు కప్పి పంపించేకంటే, అధికారులు వర్తకులను పిలిచి ఒక్క ఏర్పాటు చేయించవచ్చు. ప్రతి పాటల పెట్టె ధర చీటీ మీద “బ్యాటరీకి పూచీ ఇన్ని నెలలు, బాగుచేసే చోటు ఫలానా” అని తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో రాసి ఉంచాలి. చీటీకి అయ్యే ఖర్చు పావలా కూడా ఉండదు.