పోటీ వాళ్లది, బిల్లు మనది

వీధిలోకి రెండో ఉల్లిపాయల బండి వచ్చిందంటే మొదటి బండివాడు కిలో మీద ఐదు రూపాయలు తగ్గిస్తాడు. రెండు బండ్ల మీదా ఉన్నవి ఉల్లిపాయలే కాబట్టి ఒకడు బెట్టు చేస్తే ఇంకొకడి దగ్గర కొనుక్కుంటాం. పోటీ ఉంటే కొనేవాడికి లాభమన్న నమ్మకం మనకు ఇలాంటి చోటే ఏర్పడింది. ఇదే నమ్మకంతో టీవీలో ఫుట్‌బాల్ ప్రసారాల వ్యాపారాన్ని చూస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అక్కడ రెండో వ్యాపారి దిగాక అభిమాని జేబుకు పడిన చిల్లు మరింత పెద్దదైంది.

ఇంగ్లండ్‌నే తీసుకుందాం. 2007 వరకు ప్రీమియర్ లీగ్ ప్రత్యక్ష ప్రసారాలన్నీ స్కై అనే పే టీవీ సంస్థ చేతిలోనే ఉండేవి. ఇది గుత్తాధిపత్యమని యూరోపియన్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. మ్యాచ్‌లను ఆరు మూటలుగా కట్టాలి, ఆరింటినీ ఒక్కరికే ఇవ్వకూడదు అని షరతు పెట్టించింది. నాలుగు మూటలు స్కైకి దక్కాయి, రెండు సెటాంటా అనే ఐర్లండ్ కంపెనీకి వెళ్లాయి. సీజన్‌కు 92 మ్యాచ్‌లు స్కైలో, 46 మ్యాచ్‌లు సెటాంటాలో. కమిషన్ ఉద్దేశం మంచిదే. కానీ అప్పటిదాకా ఒక చందాతో తన జట్టును చూసుకున్న మనిషి ఇప్పుడు రెండు చందాలు కట్టాల్సి వచ్చింది. ఆర్సెనల్, చెల్సీ మ్యాచ్ స్కైలో వస్తే సెటాంటాలో రాదు. సెటాంటాలో వస్తే స్కైలో రాదు. ఒకే సరుకు ఇద్దరి దగ్గర ఉన్నప్పుడు కదా బేరం! ఒక సరుకునే రెండు ముక్కలు చేసి చెరొకరికీ ఇస్తే, ఒకడి గుత్తాధిపత్యం పోయి ఇద్దరి గుత్తాధిపత్యం వచ్చినట్టయింది.

అసలు స్కై అంత ఎత్తుకు ఎలా ఎదిగిందో చూస్తే ఈ వ్యాపారం గుట్టు తెలుస్తుంది. 1983లో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపించడానికి బీబీసీ, ఐటీవీ కలిసి రెండేళ్లకు ఇచ్చింది 52 లక్షల పౌండ్లు. 1988లో ఐటీవీ నాలుగేళ్లకు 4.4 కోట్ల పౌండ్లకు ఒప్పుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే శాటిలైట్ టీవీ దిగింది. రూపర్ట్ మర్డోక్ స్కై ఒకవైపు, బీఎస్‌బీ ఇంకోవైపు ఇంటి పైకప్పుల కోసం కొట్టుకున్నాయి. ఇద్దరికీ నష్టాలు ముంచుకొచ్చేసరికి 1990 నవంబర్‌లో చేతులు కలిపాయి. కలిసినంత మాత్రాన జనం డిష్‌లు కొనరు కదా. దాని కోసం ఏదో ఒకటి చూపించాలి.

1992 మే 18న లండన్‌లోని రాయల్ లాంకాస్టర్ హోటల్‌లో 22 క్లబ్‌ల పెద్దలు సమావేశమయ్యారు. కొత్తగా పెట్టబోతున్న ప్రీమియర్ లీగ్ ప్రసారాలు ఎవరికివ్వాలో తేల్చడం ఆనాటి పని. ఐటీవీ తన పాటను 26.2 కోట్ల పౌండ్లకు పెంచి, ఆ కాగితాలను పొద్దున్నే హోటల్లో క్లబ్‌ల వాళ్లకు పంచింది. టాటెన్‌హామ్ క్లబ్ ఛైర్మన్ అలన్ షుగర్ అది చూసి ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. అవతల స్కై అధిపతి శామ్ చిజమ్. ఐటీవీ అంకె ఇదీ, దాన్ని చిత్తు చేసే అంకె వెంటనే పంపు అని గొంతు చించుకుని చెప్పాడు. ఆ కేకలు పక్కనున్నవాళ్ల చెవిన కూడా పడ్డాయి. షుగర్‌కు అంత ఆత్రం ఎందుకంటే, స్కైకి డిష్‌లు తయారుచేసి ఇచ్చే కంపెనీల్లో ఆయన ఆమ్‌స్ట్రాడ్ ఒకటి. తనకు ఇందులో ప్రయోజనం ఉందని ఆయన చెప్పాడు. అయినా ఓటు వేయనిచ్చారు. 14 ఓట్లు స్కై వైపు, 6 ఓట్లు ఐటీవీ వైపు పడ్డాయి, ఇద్దరు తటస్థంగా ఉండిపోయారు. అన్నీ కలిపి ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్ల ఒప్పందమని ప్రకటించారు. అంతవరకు ఊరికే చూసిన లీగ్ మ్యాచ్‌లకు ఆ ఏడాది నుంచి డిష్ కావాల్సి వచ్చింది, నెలనెలా చందా కూడా తప్పలేదు.

మర్డోక్ దాపరికం లేని మనిషి. పే టీవీ కోసం ఏ దేశంలో అడుగుపెట్టినా తలుపులు బద్దలుకొట్టే దూలంగా ఆటలనే వాడతామని 1996లో వాటాదారులకే చెప్పాడు. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ప్రసార సంస్థ ఫుట్‌బాల్‌ను కొనేది ఫుట్‌బాల్‌ను అమ్ముకోవడానికి మాత్రమే కాదు. డిష్ అమ్మాలి, బ్రాడ్‌బ్యాండ్ అమ్మాలి, అవతలివాడి ఖాతాదారుణ్ని లాక్కోవాలి. అందుకే హక్కుల ధరకూ ఆ మ్యాచ్‌లకు ప్రేక్షకుడు ఇవ్వగలిగిన ధరకూ పొంతన ఉండదు.

పొంతన లేని పాట పాడి మునిగినవాళ్లు ఎందరో. కార్ల్‌టన్, గ్రనాడా కంపెనీలు కలిసి పెట్టిన ఐటీవీ డిజిటల్ కింది డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్‌కు మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తామంది. చూసేవాళ్లు రాలేదు. 2002 మార్చిలో చేతులెత్తేసింది. అప్పటికి క్లబ్‌లకు ఇంకా 17.85 కోట్ల పౌండ్లు రావాలి. ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో ఆటగాళ్లకు జీతాలు ఒప్పుకున్న చిన్న క్లబ్‌లు అప్పుల్లో కూరుకుపోయాయి. కోర్టుకెళ్తే, ఆ రెండు మాతృసంస్థలు రాతపూర్వకంగా హామీ ఇచ్చినట్టు లేదని తీర్పు వచ్చింది. ఇందాక చెప్పుకున్న సెటాంటా కూడా రెండు సీజన్లు గడిచీ గడవకముందే, 2009 జూన్‌లో దివాలా తీసింది. పాట పాడినవాడు పోతాడు, ఆ పాటను నమ్ముకున్నవాడు వీధిన పడతాడు.

తర్వాత వచ్చింది బీటీ. అది టెలిఫోన్, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ. దాని ఖాతాదారులను స్కై తన బ్రాడ్‌బ్యాండ్‌లోకి లాగేస్తుంటే ఎదురుదాడిగా ఫుట్‌బాల్‌లో దిగింది. 2013 ఆగస్టులో బీటీ స్పోర్ట్ మొదలుపెట్టి, తన బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లకు ఉచితం అంది. నిజమే, కొన్నాళ్లు వాళ్లకు లాభమే. ఈ ఇద్దరి పంతంలో ధరలు ఎక్కడికి పోయాయో చూడండి. 2013 నుంచి మూడేళ్లకు 301.8 కోట్ల పౌండ్లు పలికిన హక్కులు, 2016 నుంచి మూడేళ్లకు 513.6 కోట్లకు చేరాయి. అంటే మ్యాచ్‌కు కోటి పౌండ్ల పైమాటే. తొంభై నిమిషాల ఆటకు! ఆ డబ్బు చాలావరకు ఆటగాళ్ల జీతాలుగా, బదిలీ ఫీజులుగా మారింది. చివరికి 2017 డిసెంబర్‌లో ఇద్దరూ రాజీకొచ్చారు. నీ చానళ్లు నేను అమ్ముతా, నా చానళ్లు నువ్వు అమ్ము అని ఒప్పందం రాసుకున్నారు. ఆ మరుసటి వేలంలో హక్కుల ధర తగ్గింది. పంతాలకు అయిన ఖర్చును మాత్రం చందాదారు అప్పటికే కట్టేశాడు.

ఈ వ్యాపారం దేశాల సరిహద్దుల మీద కూడా నడుస్తుంది. పోర్ట్స్‌మత్‌లో పబ్ నడిపే కరెన్ మర్ఫీ స్కై అడిగే డబ్బు ఇచ్చుకోలేక, అందులో చిన్న భాగానికే దొరికే గ్రీసు డీకోడర్ కార్డు తెప్పించి మ్యాచ్‌లు వేసింది. కేసు పెట్టి జరిమానా వేశారు. ఆవిడ వదల్లేదు. యూరోపియన్ కోర్టు దాకా లాగింది. 2011 అక్టోబర్‌లో, ఒక సభ్యదేశంలో కొన్న కార్డును ఇంకో దేశంలో వాడొద్దనడం చెల్లదని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది లండన్ హైకోర్టులో ఆవిడ మీద పడిన శిక్ష కూడా రద్దయింది. ఒక సరుకుకు రెండో అంగడి దొరికితే ధర ఎంత దిగుతుందో ఒక పబ్ యజమానురాలు నిరూపించింది.

మనవాళ్లకు తెలిసిన వింత ఇంకొకటుంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లను ఇంగ్లండ్‌లో ప్రత్యక్షంగా చూపించరు. టీవీలో వస్తే జనం చిన్న క్లబ్‌ల స్టేడియాలకు రారని 1960ల నుంచి ఉన్న కట్టుబాటు అది. మనకు అది రాత్రి ఏడున్నరో, చలికాలమైతే ఎనిమిదిన్నరో. హైదరాబాద్ హాస్టల్ గదిలో ఫోన్‌లో చూసిన మ్యాచ్, మాస్టర్స్‌కని మాంచెస్టర్ వెళ్లిన కుర్రాడికి ఆ ఊరి టీవీలో కనపడదు. స్టేడియానికి కూతవేటు దూరంలో ఉండి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి స్కోరు అడుగుతాడు.

ఫ్రాన్స్ కథ ఇంకా ఘోరం. అక్కడి లీగ్ హక్కులను మీడియాప్రో అనే కంపెనీ ఏడాదికి 80 కోట్ల యూరోల పైచిలుకుకు పాడింది. 2020 ఆగస్టులో చానల్ మొదలైంది, అక్టోబర్‌లోనే వాయిదా ఎగ్గొట్టింది, ఆ ఏడాది చివరికి ఒప్పందం రద్దయింది. ఆ తర్వాత అమెజాన్ వచ్చింది. దాని తర్వాత డాజోన్ వచ్చి ఒక్క సీజన్‌కే వెళ్లిపోయింది. విసిగిపోయిన లీగ్ 2025లో సొంత చానల్ పెట్టుకుంది. ఐదేళ్లలో ఫ్రాన్సు అభిమాని ఎన్ని యాప్‌లు వేసుకుని ఎన్ని తీసేశాడో!

పోటీ అంటేనే చెడ్డదా అంటే, కాదు. అసలు పాటగాడే లేకపోతే ఏమవుతుందో మన దేశంలో చూశాం. 2010లో భారత ఫుట్‌బాల్ వాణిజ్య హక్కులను పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయలకు ఒకే సంస్థకు కట్టబెట్టారు. ఆ గడువు తీరే ముందు 2025 అక్టోబర్‌లో ఇండియన్ సూపర్ లీగ్ కోసం ఫుట్‌బాల్ సమాఖ్య టెండర్ పిలిస్తే, నవంబర్ 7 నాటికి ఒక్క బిడ్డూ రాలేదు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కోచ్‌గా రహీం సాబ్‌ను ఇచ్చిన ఊరు హైదరాబాద్. 2022లో ఈ లీగ్ కప్పు గెలిచిన ఆ ఊరి జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్లు తిరక్కుండానే ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. టీవీ డబ్బు ఎక్కువైనచోట ప్రేక్షకుడు నలుగుతున్నాడు, లేనిచోట ఆటే నలుగుతోంది.

మరి ప్రేక్షకుడికి మేలు చేసే పోటీ ఎలా ఉంటుంది? అదీ మన కళ్లముందే జరిగింది. 2022లో బీసీసీఐ ఐపీఎల్ హక్కులను టీవీకి వేరుగా, డిజిటల్‌కు వేరుగా వేలం వేసింది. టీవీ స్టార్‌కు, డిజిటల్ వయాకామ్18కు దక్కాయి. ఫుట్‌బాల్‌లోలా మ్యాచ్‌లను పంచలేదు, ఒకే మ్యాచ్ ఇద్దరి చేతిలోనూ ఉంది. దాంతో 2023 ఐపీఎల్‌ను వయాకామ్18 వాళ్ల జియో సినిమా ఊరికే చూపించింది. దెబ్బకు స్టార్ వాళ్ల హాట్‌స్టార్ కూడా ఆసియా కప్, ప్రపంచకప్ మ్యాచ్‌లను మొబైల్‌లో ఉచితం చేసింది. ఇది దానధర్మం కాదు, అవతల అదే సరుకు ఉందన్న భయం. 2024 నవంబర్‌లో రెండు సంస్థలూ ఒకటయ్యాయి. 2025 ఐపీఎల్ వచ్చేసరికి ఆ ఉచితం పోయింది. చందా కట్టాలి, లేదా చందా కలిసిన రీచార్జ్ వేయించుకోవాలి. ఆ భయం ఉన్నది రెండేళ్లే.

హక్కుల కోసం పోటీ వేరు, ప్రేక్షకుడి కోసం పోటీ వేరు. మొదటిది లీగ్ ఖజానా నింపుతుంది, రెండోది చందా తగ్గిస్తుంది. నియంత్రణ సంస్థలు మొదటిదాన్ని చూసి రెండోది కూడా ఉందని భ్రమపడుతున్నాయి. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ 2010లో ఒకసారి సరైన దారి పట్టింది. స్కై తన ప్రధాన స్పోర్ట్స్ చానళ్లను టోకు ధరకు ఇతర కంపెనీలకు ఇవ్వాలని, వాళ్లూ అమ్ముకోవచ్చని ఆదేశించింది. 2015లో ఆ నిబంధన ఎత్తేశారు. ప్రపంచకప్, ఎఫ్‌ఏ కప్ ఫైనల్ లాంటివి ఉచిత చానళ్లకు దక్కేలా చూసే చట్టం మాత్రం అక్కడ ఇంకా ఉంది.

గుత్తగా ఇవ్వకపోతే హక్కులకు ధర రాదని లీగ్‌లు అంటాయి. రాదు, నిజమే. మ్యాచ్‌కు కోటి పౌండ్లు రాకపోతే ఆట ఆగిపోదు, కొందరి జీతాలు తగ్గుతాయి. ఇక్కడ హక్కులు అమ్మే బోర్డులు, సమాఖ్యలు ఒప్పందం రాసేటప్పుడే ప్రతి మ్యాచ్‌నూ కనీసం ఇద్దరు వేర్వేరు ధరలకు అమ్మేలా షరతు పెట్టాలి. ఆ ఇద్దరూ తర్వాత ఒకటవుతామంటే పోటీ కమిషన్ ఒకరి హక్కులను మూడో వాళ్లకు ఇప్పించాలి. ఈ పని చేయనంతకాలం వాళ్లు పోటీ అని చెప్పేది వేలంపాటే. అందులో చేయి ఎత్తేది కంపెనీలు, డబ్బు కట్టేది చూసేవాళ్లు.