పాత పెట్టె వుంచాలా, మార్చాలా?

మన యిళ్ళలో పాత సామానుకు రక్షకులు యిద్దరు. "పనిచేస్తున్నంతకాలం వుండనీ" అనేవారు ఒకరు, "యెప్పటికైనా పనికొస్తుంది" అనేవారు మరొకరు. దేనికి కాస్త సుస్తీ చేసినా కొత్తది కొనేద్దామనేవారు మూడో రకం. యింటర్నెట్ మోడెం దగ్గరికి వచ్చేసరికి మా చుట్టుపక్కల యీ మూడో రకంవారే యెక్కువగా కనిపిస్తున్నారు. బొమ్మ ఆగిందా, మోడెం మార్చు. మాట తెగిందా, మోడెం మార్చు. తలనొప్పి వచ్చినవాడల్లా కళ్ళజోడు మార్చినట్టుగా వుంది యిది.

తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి యీ గొడవ యెందుకమ్మా అని మీరు అడగవచ్చు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుంచీ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో కాపురముండేవారికి యిది తప్పని గొడవే. 2020లో కరోనా వచ్చి ఆఫీసులను యిళ్ళలోకి తెచ్చిపెట్టింది. ఆ ఆఫీసులు చాలావరకు తిరిగి వెళ్ళినా, కొన్ని యిళ్ళలోనే వుండిపోయాయి. మా అన్నయ్య కూతురు తొమ్మిది నెలల పాపతో మా దగ్గర వుంటున్నది. వారానికి మూడు రోజులు యింటినుంచి పనిచేయడానికి ఆమె కంపెనీ వొప్పుకున్నది. కాని సమావేశాల మధ్యలో ఆమె మాట తెగిపోతున్నదని పైఅధికారి రెండుసార్లు రాశాడు. మూడోసారి రాస్తే రోజూ ఆఫీసుకు రమ్మంటారు. పాలు తాగే పిల్లను వదిలి రోజంతా వెళ్ళడమా, వుద్యోగం వదులుకోవడమా అన్నంతవరకూ వచ్చింది. అందుకని మా వారు, "2015 నాటి పెట్టె అది, పారేసి కొత్తది తెచ్చేద్దాం" అన్నారు. తేవచ్చును, తెస్తే తెగిన మాట అతుక్కుంటుందా అన్నదే నా ప్రశ్న.

అసలు మోడెం అంటే యేమిటో చూద్దాం. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు మాటల ముందు ముక్కలు తీసి కలిపిన పేరు అది. కేబుల్ తీగమీద వచ్చే సంకేతాన్ని కంప్యూటరు భాషలోకి, కంప్యూటరు మాటను తీగకు పనికివచ్చే రూపంలోకి మార్చే దుబాసీ అన్నమాట. ఆ మాటను గాలిలోకి వదిలి గదిగదికీ చేర్చే వైఫై వేరే పని. యీ రోజుల్లో రెండు పనులూ ఒకే పెట్టెలో వుండడంవల్ల, ఒకరి తప్పు మరొకరి మీద పడుతున్నది.

అందుచేత మొదటి పరీక్ష యేమిటంటే, లాప్‌టాప్‌ను తీగతో నేరుగా పెట్టెకు తగిలించి చూడడం. మాది 100 మెగాబిట్ల పథకం. తీగతో చూస్తే పొద్దున 94 వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి 60కి దిగింది. పాప నిద్రపోయే లోపలి గదిలో, అంటే మా మేనకోడలు కూర్చుని పనిచేసే చోట, వైఫైతో 7 వచ్చింది. ఒక వీడియో సమావేశానికి నాలుగైదు మెగాబిట్లు చాలు గదా, మరి మాట యెందుకు తెగుతున్నట్టు? మా మేనకోడలే దానికి సమాధానం కనిపెట్టింది. కంప్యూటరునుంచి వంద పిలుపులు పంపి యెన్నింటికి జవాబు వచ్చిందో లెక్కపెట్టే సాధనం ఒకటి వున్నది. లోపలి గదిలో వైఫైతో పంపితే తొమ్మిది దారిలో పోయాయి. తీగతో పంపితే రెండు పోయాయి. "చూడత్తయ్యా, వేగం కాదు, నిలకడ లేదు" అన్నది. ప్రకటనల్లో వేగమే చెబుతారుగాని నిలకడ సంగతి యెవరూ చెప్పరు.

తీగలో పోయిన ఆ రెండింటికి కారణం గోడ దగ్గర దొరికింది. వెనుకటికి రెండో గదిలో టీవీ పెట్టినప్పుడు కేబుల్‌ను చీల్చడానికి ఒక చిన్న యిత్తడి ముక్క బిగించారు. ఆ టీవీ పోయి నాలుగేళ్ళయినా ముక్క అలాగే వున్నది. సంకేతాన్ని రెండుగా చీలిస్తే ఒక్కొక్క వైపుకు సగంకంటే కొంచెం తక్కువే వెళుతుంది. యెవరూ లేని గదికి మేము సగం పంచిపెడుతున్నామన్నమాట. పైగా కిటికీ పక్కనుంచి వచ్చే చోట తీగ చివరి బిగింపు వానకు తడిసి పచ్చగా చిలుము పట్టింది. ముక్క తీయించి, బిగింపు కొత్తది వేయించాం. ఆ తరువాత వందకు వంద జవాబులూ వచ్చాయి.

యిక రాత్రిపూట వేగం తగ్గడం మాట. కేబుల్ యింటర్నెట్‌లో ఒక పేటలోని యిళ్ళన్నీ ఒకే దారిని పంచుకుంటాయి. అందరూ భోజనాలు చేసి సినిమాలు పెట్టుకునే వేళకు కిక్కిరిసిపోవడం సహజం. యిక్కడ మాత్రం మోడెం తరానికి కొంత విలువ వున్నది. కేబుల్ మోడెములన్నీ డాక్సిస్ అనే ప్రమాణాన్ని అనుసరిస్తాయి. మొదటిది 1997లో వచ్చింది. పాత తరాల పెట్టె ఒకే మార్గంమీద నడుస్తుంది, 40, 50 మెగాబిట్లకు మించి తేలేదు. 2006 నాటి 3.0 అనేక మార్గాలను కలిపి వాడుకోగలదు. 2013 నాటి 3.1 యింకా పెద్దది. మా పెట్టె 3.0 రకం, యెనిమిది మార్గాలది, మా 100కు సరిపోతుంది. మీ పెట్టె అడుగున రాసిన నంబరు చూసి యే తరమో తెలుసుకోండి. 2.0 అయివుండి, మీరు 100కు డబ్బు కడుతున్నారంటే, నెలనెలా సగం దండుగ పోతున్నట్టే. అప్పుడు మార్చవలసిందే.

కంపెనీ మనిషి వచ్చి యివేమీ చూడకుండానే, "అమ్మా, కొత్త మోడెం 2,500 రూపాయలు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. పాతది యెవరిది బాబూ అని అడిగితే నీళ్ళు నమిలాడు. బీరువాలో రశీదు తీసి చూస్తే, అది కంపెనీ సొత్తేనని, మేము కట్టింది తిరిగి రావలసిన డిపాజిట్టని రాసివున్నది. కనుక మార్చినా డబ్బు కట్టవలసిన పని లేదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చవకగా దొరుకుతుంది గదా అని మీరే కొనుక్కురాబోతారేమో, కేబుల్ మోడెం అలా పనిచేయదు సుమా. దాని గుర్తింపు సంఖ్యను కంపెనీవారు తమ చిట్టాలో యెక్కించుకుంటేనే ప్రాణం వస్తుంది. వొప్పుకుంటారో లేదో ముందే అడగండి. పాత పెట్టెకు భద్రతా సవరణలు యింకా పంపిస్తున్నారా అన్నది మరో ప్రశ్న. లేదన్నారంటే అది యెంత బాగా నడుస్తున్నా మార్చించుకోవాలి. మాకు పంపుతున్నామని చెప్పారు, ఆ మాట రాతలో తీసుకున్నాను.

మిగిలింది లోపలి గది. మా పెట్టె వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలమీదే నడుస్తుంది. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా నడిచే దారులు మూడే. నలభై కుటుంబాల భవనంలో అది కుళాయి దగ్గర బిందెల వరసే. కొత్త పెట్టెలలోని 5 గిగాహెర్ట్‌జ్‌కు దారులు యెక్కువేగాని, మధ్య గోడలకు అది త్వరగా అలిసిపోతుంది. మాకూ లోపలి గదికీ నడుమ రెండు గోడలున్నాయి. అందుకని యిరవై మీటర్ల తీగ తెప్పించి గోడవారగా లోపలి బల్లదాకా లాగించాను. అయిదు వందల రూపాయల లోపలే అయింది. మా వారికి అది కంటికి యింపుగా లేదు. మా మేనకోడలి పైఅధికారి మాత్రం మూడో వుత్తరం రాయలేదు.

అయితే పెట్టె బాగుంటే అన్నీ బాగున్నట్టు కాదు. 2025 ఆగస్టులో రామంతాపూరులో వూరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తరువాత స్తంభాలమీది కేబుళ్ళను కత్తిరించినప్పుడు యెన్నో యిళ్ళలో యింటర్నెట్ ఆగిపోయింది. అటువంటి రోజున కొత్త మోడెమైనా, పాత మోడెమైనా ఒకటే. కేబుల్ వదిలి ఫైబరుకు మారదలచినవారు యింకొక సంగతి గుర్తుంచుకోండి: దానికి పెట్టె వేరు, కేబుల్ మోడెం దానికి పనికిరాదు. ఆరు నెలల్లో మారే ఆలోచన వుంటే యిప్పుడు మోడెం కొనడం అనవసరం.

మార్చక తప్పనివారు పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి. కంపెనీదైతే అప్పగించి డిపాజిట్టు అడగండి, మీదైతే యెలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికి యివ్వండి. మార్చేముందు మాత్రం ఒక సాయంత్రం ఖర్చుపెట్టి తీగ తగిలించి చూడండి, గోడ దగ్గర బిగింపు చూడండి, రశీదు వెతకండి. యీ మూడూ చేశాక కూడా తప్పు పెట్టెదే అని తేలితే, నిశ్చింతగా మార్చేయండి.